కొసరు, వాడుక

అరకిలో వంకాయలు తూచి సంచిలో ఒంపాక, మామ్మ తక్కెడ పక్కన పెట్టి, తడిగుడ్డలో చుట్టిన కట్టలోంచి ఒక కరివేపాకు రెబ్బ తుంచి పైన పడేస్తుంది. విశాఖ పూర్ణా మార్కెట్లో నేను ఎన్నో ఏళ్లుగా కూరలు కొనేది ఆమె దగ్గరే. ఆ రెబ్బకి డబ్బు లేదు, తూకం లేదు. ఒకరోజు రెండు పచ్చిమిరపకాయలు, ఒకరోజు నాలుగు కొత్తిమీర కాడలు. దాన్నే కొసరు అంటాం. లెక్క వేస్తే రూపాయో రెండో. అయినా డబ్బు పెట్టి కొన్న వంకాయలు ఇవ్వని సంతోషం, ఊరికే వచ్చిన ఆ రెబ్బ ఇస్తుంది. సంచి చేత పట్టుకుని దుర్గాలమ్మ గుడి దాటేదాకా ఆ హాయి మనసులో ఉంటుంది.

ఈ చిన్న సంతోషం ఎలా పుడుతుందో, ఎందుకు నిలవదో మెదడు శాస్త్రం ఇప్పుడు చాలావరకు చెప్పగలదు. నిలిచే తృప్తి ఎక్కడ దొరుకుతుందన్న పెద్ద ప్రశ్నకు కూడా నా మట్టుకు దారి ఈ కొసరులోంచే తెరుచుకుంది.

స్విట్జర్లాండ్‌లోని ఫ్రైబూర్గ్ విశ్వవిద్యాలయంలో వోల్ఫ్‌రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతుల మెదడులో డోపమైన్ విడుదల చేసే కణాలు ఎప్పుడు చురుగ్గా పనిచేస్తాయో గమనిస్తూ వచ్చాడు. కోతి ఎదురుచూడనప్పుడు దాని నోట్లో పళ్లరసం చుక్క పడితే ఆ కణాలు ఒక్కసారిగా ఉత్సాహంగా స్పందించాయి. ఆ తర్వాత రసం ఇచ్చే ముందు ప్రతిసారీ ఒక సంకేతం ఇవ్వడం మొదలుపెట్టారు. కొన్నాళ్లకు కణాలు సంకేతానికే స్పందించాయి, రసం నోట్లో పడినప్పుడు మాత్రం మామూలుగా ఉండిపోయాయి. రసం అదే, తీపీ అదే. ఇక సంకేతం ఇచ్చి రసం ఇవ్వకపోతే, సరిగ్గా అది రావలసిన క్షణంలో ఆ కణాలు మామూలు స్థాయికంటే కిందికి పడిపోయాయి. 1997లో షుల్ట్జ్, పీటర్ డయాన్, రీడ్ మాంటెగ్యూ కలిసి దీని సారాంశాన్ని ‘సైన్స్’ పత్రికలో వివరించారు. ఆ కణాలు ఎంత దొరికిందన్నది లెక్కపెట్టవు. అనుకున్నదానికీ దొరికినదానికీ ఉన్న తేడాను లెక్కపెడతాయి.

దీన్ని మామ్మ తక్కెడ పక్కన పెట్టి చూడండి. మొదటిరోజు రెబ్బ పడితే సంబరం. పదోరోజుకి మామ్మ చెయ్యి ఆ కట్టవైపు కదిలితేనే మనసు కాస్త తేలికవుతుంది, రెబ్బ సంచిలో పడేసరికి అదేమంత గొప్ప విషయం కాదు. ఇరవయ్యో రోజు బేరాలు ఎక్కువై ఆమె మరిచిపోయిందనుకోండి, మనసు చివుక్కుమంటుంది. వంకాయలు సంచిలోనే ఉన్నాయి, తూకంలో తేడా లేదు, మన డబ్బేమీ పోలేదు. మొన్నటిదాకా అసలు లేనేలేని రెబ్బ ఈరోజు లేకపోయేసరికి నష్టంలా తోస్తుంది.

డోపమైన్‌ను మన పేపర్లలో ‘ఆనంద రసాయనం’ అని రాస్తుంటారు. ఆ పేరు సరైనది కాదు. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో కెంట్ బెరిడ్జ్ చేసిన ప్రయోగాల్లో డోపమైన్ దాదాపు పూర్తిగా పోయిన ఎలుకలు తిండి వెతుక్కోవడమే మానేశాయి, ఎదురుగా పెట్టినా ముట్టలేదు. కాని నోట్లో తీపి చుక్క వేస్తే మామూలు ఎలుకల్లాగే పెదాలు నాక్కున్నాయి. రుచి పోలేదు, కోరిక పోయింది. కావాలనిపించడం వేరు, దొరికాక బాగుండటం వేరు. మెదడులో ఈ రెండింటి ఏర్పాట్లూ చాలావరకు వేర్వేరు. కావాలనిపించే యంత్రం బలమైనది, త్వరగా అలిసిపోదు. బాగుందనిపించే భాగాలు చిన్నవి, సున్నితమైనవి. గొంతెమ్మ కోరికలు తీరినకొద్దీ తృప్తి పెరగకపోవడానికి మన ఒంట్లోనే ఉన్న కారణం ఇది. అది ఎవరి గుణదోషమూ కాదు.

దొరికిన సంతోషం ఎంత త్వరగా చప్పబడిపోతుందో విశాఖవాసులకు బాగా తెలుసు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక ఊరంతా చీకటి. చెట్లన్నీ రోడ్ల మీద. తాగే నీళ్ల కోసం, పాల ప్యాకెట్ల కోసం వరసలు. కొన్ని రోజుల తర్వాత ఒక సాయంత్రం మా వీధికి కరెంటు వచ్చినప్పుడు మేడల మీంచి పిల్లలూ పెద్దలూ ఒక్కసారిగా వేసిన కేక నాకింకా వినిపిస్తూనే ఉంటుంది. ఫ్యాను తిరుగుతుంటే దానికేసి చూస్తూ పడుకున్నాం. వారం తిరిగేసరికి ఆ ఫ్యానే మళ్లీ ఎవరూ పట్టించుకోని ఫ్యాను అయిపోయింది. కొత్తొక వింత, పాతొక రోత అని పెద్దలు ఏనాడో అనేశారు.

పాశ్చాత్య మనస్తత్వ శాస్త్రం ఈ సంగతికి పేరు పెట్టింది 1971లో. ఫిలిప్ బ్రిక్‌మన్, డొనాల్డ్ క్యాంప్‌బెల్ దీన్ని నడక యంత్రంతో పోల్చారు. ఎంత నడిచినా ఉన్నచోటే ఉంటాం. 1978లో బ్రిక్‌మన్ మరో ఇద్దరితో కలిసి 22 మంది లాటరీ విజేతలనూ, ప్రమాదాల్లో కాళ్లు గాని, కాళ్లూ చేతులూ గాని చచ్చుబడిన 29 మందినీ, మామూలు మనుషుల్నీ పోల్చి చూశాడు. విజేతలు మామూలువాళ్లకంటే చెప్పుకోదగ్గంత సంతోషంగా లేరు. పైగా కబుర్లు చెప్పుకోవడం, టిఫిన్ తినడం లాంటి రోజువారీ సంగతుల్లో వాళ్లకి దొరికే ఆనందం తగ్గింది. అప్పటినుంచి ఈ అధ్యయనం సంతోషం గురించి రాసే ప్రతి పుస్తకంలోనూ కనిపిస్తుంది. ‘డబ్బొచ్చినా ఒకటే, కాళ్లు పోయినా ఒకటే, అన్నీ అలవాటైపోతాయి’ అని దాన్ని చెప్పేస్తారు.

ఇక్కడ నేను గట్టిగా అభ్యంతరం చెప్పాలి. ఆ అధ్యయనంలోనే ప్రమాద బాధితులు మిగతావారికంటే తక్కువ సంతోషంగా ఉన్నారు. మనం ఊహించేంత తక్కువ కాదు, అంతే. స్వీడన్‌లో లాటరీ గెలిచిన వేలమందిని పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, పెద్ద బహుమతి వచ్చినవారికి ‘నా జీవితం బాగుంది’ అన్న తృప్తి ఏళ్ల తరబడి నిలిచింది. 2004లో రిచర్డ్ లూకస్ బృందం జర్మనీలో 24,000 మందికి పైగా జనాన్ని 15 ఏళ్ల వివరాలతో గమనించింది. ఉద్యోగం పోయినవారు మళ్లీ ఉద్యోగం దొరికాక కూడా సగటున పాత తృప్తిని పూర్తిగా చేరుకోలేదు. మచ్చ మిగిలిపోయింది. ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అంటూ 1966లో ఉక్కు కర్మాగారం కోసం రోడ్డెక్కి, కాల్పుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నవారున్న ఊరు మనది. పని అంటే జీతం ఒక్కటే కాదని ఈ ఊరికి జర్మనీ లెక్కలు చెప్పాల్సిన పని లేదు.

అప్పు, డబ్బు కటకట కూడా అంతే, మనసును తేలిగ్గా వదలవు. 2013లో తమిళనాడు చెరకు రైతుల మీద అచ్చయిన అధ్యయనం ఒకటుంది. చేతిలో డబ్బు ఆడని కోతల ముందు రోజుల్లో, డబ్బు చేతికొచ్చాక అదే రైతులకు ఒకేరకం మేధో పరీక్షలు పెట్టారు. డబ్బుకి కటకటగా ఉన్న రోజుల్లో అదే రైతు తక్కువ మార్కులు తెచ్చుకున్నాడు. తెలివి తగ్గి కాదు, చింత మనసులో చోటు ఆక్రమించుకుని. తెల్లారకముందే అప్పు తెచ్చి సరుకు కొని, రాత్రికి వడ్డీతో సహా తీర్చే చిరువ్యాపారుల్ని పూర్ణా మార్కెట్లో చూస్తుంటాం. వాళ్లకి ‘ఉన్నదాంతో తృప్తి పడండి’ అని చెప్పే హక్కు కడుపు నిండినవాళ్లకి లేదు. తృప్తి గురించి రాసే ఎవరైనా ముందు ఈ మాట ఒప్పుకోవాలి.

అసలు సంతోషాన్ని కొలవడం ఎలా? ప్రపంచ సంతోష నివేదిక 2012లో మొదలైంది. అందులో అడిగే ప్రశ్న చిన్నది. సున్నా నుంచి పది దాకా మెట్లున్న నిచ్చెనను ఊహించుకోండి, పైమెట్టు మీకు సాధ్యమైన అత్యుత్తమ జీవితం, మీరిప్పుడు ఏ మెట్టు మీదున్నారు? 2025 నివేదికలో మొదటి స్థానం ఫిన్లాండుది, 147 దేశాల్లో మనది 118. ఈ అంకె చూసి ప్రతి మార్చిలోనూ మనవాళ్లు కొందరు సిగ్గుపడతారు, కొందరు కోప్పడతారు. ఆ ప్రశ్న అడిగేది నవ్వుల గురించి కాదని గుర్తుంచుకుంటే చాలు. జీవితాన్ని దూరంనుంచి చూసి వేసే మార్కు అది. ఆదాయం, ఆరోగ్యం, కష్టంలో ఆదుకునే మనిషి ఉన్నారా లేదా అన్నవి దాన్ని నడిపిస్తాయి. నిన్న ఎన్నిసార్లు నవ్వారు, ఎంత ఆందోళన పడ్డారు అన్నది వేరే ప్రశ్న, దానికి జవాబు వేరుగా వస్తుంది.

ఇంగ్లీషులో ఒకే మాటతో సరిపెట్టడం వల్ల వచ్చే ఈ గందరగోళం తెలుగులో రాకూడదు. మనకి సుఖం వేరు, సంతోషం వేరు, హాయి వేరు, నెమ్మది వేరు, తృప్తి వేరు. ఏసీ గదిలో సుఖం ఉంటుంది, పెళ్లిలో సంతోషం, బీచ్ గాలిలో హాయి, అప్పు తీరాక నెమ్మది. తృప్తి భోజనం అయ్యాక వస్తుంది. ఇందులో సంతోషం అనే మాటకి ఒక చరిత్ర ఉంది. పతంజలి యోగసూత్రాల్లో చెప్పిన ఐదు నియమాల్లో అది ఒకటి. అక్కడ దాని అర్థం ఉన్నదానితో తృప్తిగా ఉండటం. సంస్కృతంనుంచి మన వాడుకలోకి వచ్చాక అది శుభవార్త వింటే కలిగే ఉల్లాసమైంది. నిలిచే దానికి పెట్టిన పేరు వచ్చిపోయే దానికి మారిపోయింది.

నిచ్చెన కూడా మనకి కొత్త కాదు. తైత్తిరీయోపనిషత్తులో ఆనందాన్ని కొలిచే లెక్క ఒకటుంది. ఆరోగ్యం, బలం, చదువు, భూమినిండా సంపద ఉన్న యువకుడి ఆనందాన్ని ఒక మానంగా తీసుకుని, మెట్టుమెట్టుకీ నూరురెట్లు పెంచుకుంటూ బ్రహ్మానందం దాకా వెళ్తుంది. నన్ను ఎప్పుడూ ఆపేది ఆ లెక్కలో ఇంచుమించు ప్రతి మెట్టు దగ్గరా వచ్చే మాట. కోరిక దెబ్బ తగలని వేదవేత్తకు కూడా ఇంతే ఆనందం ఉందని అక్కడ చెబుతారు. అంటే అనుకున్నదీ దొరికినదీ, ఈ రెండింట్లో దొరికినదాన్ని పెంచుకుంటూ పోవడం ఒక దారి, అనుకున్నదాన్ని సరిచేసుకోవడం ఇంకో దారి. షుల్ట్జ్ కోతుల తేడాకీ దీనికీ ఉన్న పోలిక ఎక్కువ లాగితే తెగిపోతుంది, అయినా పోలిక ఉంది.

డబ్బు సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. 2010లో డేనియల్ కానెమన్, ఆంగస్ డీటన్ అమెరికాలో ఏడాదికి 75,000 డాలర్ల ఆదాయం దాటాక రోజువారీ ఉల్లాసం పెరగదన్నారు. మాథ్యూ కిలింగ్స్‌వర్త్ 2021లో అది నిజం కాదన్నాడు. ఎవరి మాట వాళ్లు పట్టుకుని కూర్చోకుండా కానెమన్, కిలింగ్స్‌వర్త్ కలిసి లెక్కలు తిరగేసి 2023లో ఉమ్మడిగా ప్రచురించారు. ఎక్కువమందిలో ఆదాయంతోపాటు సంతోషం మెల్లగా పెరుగుతూనే ఉంటుంది. బాగా దిగులులో ఉన్న కొద్దిమందిలో మాత్రం ఒక స్థాయి దాటాక డబ్బు ఆ దిగులును తీర్చలేదు. తన తప్పును తొంభైకి దగ్గరపడిన వయసులో ప్రత్యర్థితో కలిసి దిద్దుకున్న కానెమన్ మీద నాకు గొప్ప గౌరవం.

ఇప్పుడు మళ్లీ మార్కెట్‌కి వద్దాం. మన వైపు ఎప్పుడూ కొనే కొట్టుని వాడుక కొట్టు అంటారు. వాడిక అని కూడా పలుకుతారు. వాడుక పాలు, వాడుక పూలు. ఆ మాటకి అలవాటు అనీ అర్థమే. పాత వస్తువు మీద మోజు తగ్గించేదీ వాడుకే, పాత మనిషిని మన మనిషిని చేసేదీ వాడుకే. ఒకే మాటలో ఈ రెండూ ఉండటం నాకు చాలా పెద్ద సంగతిగా కనిపిస్తుంది.

జిలియన్ శాండ్‌స్ట్రామ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త టొరంటోలో చదువుకునే రోజుల్లో దారిలో ఒక హాట్‌డాగ్ బండి ఉండేది. ఆమె ఆ బండి దగ్గర ఏమీ కొనేది కాదట. కాని అమ్మే ఆవిడ కనిపిస్తే ఇద్దరూ నవ్వుకుని చెయ్యి ఊపుకునేవారు. ఆ నవ్వు లేనిరోజు ఏదో వెలితిగా అనిపించేదట. ఆ వెలితినే ఆమె పరిశోధన చేసింది. 2014లో ఎలిజబెత్ డన్‌తో కలిసి కాఫీ కొట్టుకి వెళ్లేవాళ్లలో కొందరిని అమ్మే మనిషి కళ్లలోకి చూసి నవ్వి రెండు మాటలు మాట్లాడమంది, మిగతావాళ్లని డబ్బు చేత పట్టుకుని వీలైనంత త్వరగా పని ముగించుకు రమ్మంది. మాట్లాడినవాళ్లు ఎక్కువ ఉల్లాసంగా, ఆ చోటు తమదే అన్న భావంతో బయటికొచ్చారు. తర్వాత టర్కీలో బస్సు డ్రైవర్లకి నమస్కారమో కృతజ్ఞతో చెప్పించి చూసినా ఇలాంటి ఫలితమే వచ్చింది. అదే 2014లో నికొలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ చికాగో రైళ్లలో ప్రయాణికులను అడిగారు. మౌనంగా కూర్చుంటేనే ప్రయాణం బాగుంటుందని ఎక్కువమంది ఊహించారు. తీరా చేయించి చూస్తే పక్కవారితో మాట్లాడినవాళ్ల ప్రయాణమే బాగా గడిచింది. దూరపు కొండలు నునుపుగా కనిపించినట్టే, ఒంటరితనం దూరంనుంచి సుఖంగా కనిపిస్తుంది.

మరి మనుషులకి మాత్రం మనసు అలవాటు పడదా? పడుతుంది. అయితే కెన్ షెల్డన్, సోన్యా లుబోమిర్‌స్కీ 2012లో చూపించినదేమిటంటే, వైవిధ్యం ఉంటే, దొరికినదాని విలువ గుర్తిస్తూ ఉంటే ఆ అలవాటు పడటం నెమ్మదిస్తుంది. వస్తువు ఈరోజూ రేపూ ఒకటే. మనిషి అలా కాదు. మామ్మ ఒకరోజు మనవరాలి పరీక్షల గురించి చెబుతుంది, ఒకరోజు మోకాలి నొప్పి గురించి. ఆనందపురం వైపునుంచి పూలు ఆలస్యంగా దిగాయని పక్క కొట్టు అమ్మాయితో గొడవపడుతుంది, మార్గశిర గురువారాలు వస్తే కనకమహాలక్ష్మి గుడి దగ్గర రద్దీ ఎంతుందో అడుగుతుంది. రేపేం చెబుతుందో నాకు తెలియదు. వాడుక మనిషి దగ్గర ప్రతిరోజూ కొంత కొసరు మిగిలే ఉంటుంది.

ఈ బలహీనమైన బంధాల సంగతి ఇలా ఉంటే, గట్టి బంధాల సంగతి ఇంకా స్పష్టం. హార్వర్డ్‌లో 1938లో మొదలైన అధ్యయనం 724 మంది మగవాళ్ల జీవితాలను ముసలితనం దాకా వెంటాడి, ఆపైన వాళ్ల పిల్లలవైపు సాగింది. యాభై ఏళ్ల వయసులో తమ బంధాలతో తృప్తిగా ఉన్నవాళ్లు ఎనభైలో ఎక్కువ ఆరోగ్యంగా ఉన్నారు. 2010లో జూలియన్ హోల్ట్-లన్‌స్టాడ్ బృందం 148 అధ్యయనాల్లోని 3 లక్షలకు పైగా మనుషుల లెక్కలు కలిపి చూస్తే, బంధాలు బలంగా ఉన్నవారు ఆ అధ్యయనాల కాలంలో బతికి ఉండే అవకాశం 50 శాతం ఎక్కువని తేలింది.

ఇంకొక్క ముక్క, కొసరు ఇచ్చే చెయ్యి గురించి. ఇంతసేపూ తీసుకునేవాడి సంతోషమే మాట్లాడాను. 2008లో ఎలిజబెత్ డన్, లారా ఆక్నిన్, మైఖేల్ నార్టన్ ఉదయాన్నే కొందరి చేతుల్లో ఐదు డాలర్లో ఇరవై డాలర్లో పెట్టి సాయంత్రంలోగా ఖర్చు చేయమన్నారు. కొందరు తమకోసం, కొందరు ఇతరుల కోసం. ఇతరుల కోసం ఖర్చుపెట్టినవాళ్లే సాయంత్రానికి ఎక్కువ సంతోషంగా ఉన్నారు. ఐదా ఇరవయ్యా అన్నది పెద్దగా తేడా చూపలేదు. రూపాయి కరివేపాకు చాలునన్నమాట.

నిమిషాల్లో కూరలు గుమ్మంలోకి తెచ్చే ఫోను యాప్‌లు ఇప్పుడు మన ఊళ్లోనూ వచ్చాయి. వాటిని తప్పుపట్టను. మంచం మీదున్న అమ్మని వదిలి కదలలేని వారాల్లో నేనూ వాటిమీదే ఆధారపడ్డాను. తూకం సరిగ్గా వచ్చింది, కరివేపాకు విడిగా పొట్లం కట్టి వచ్చింది. బెల్లు కొట్టి సంచి గుమ్మంలో పెట్టి వెళ్లిపోయిన కుర్రాడి ముఖం ఒక్కసారీ చూడలేదు. ఆ తప్పు నాదే. అతనికీ ఒక నవ్వు, ఒక గ్లాసు మంచినీళ్లు ఇవ్వొచ్చు.

నెల దాటాక మొన్న పూర్ణా మార్కెట్‌కి వెళ్లాను. మామ్మ నన్ను చూసి తక్కెడ దించేసింది.

“ఏటి బాబూ, ఈ మజ్జిన కానరాట్లేదు? ఊరెళ్లారేటి?”

“అమ్మకి ఒంట్లో బాగోలేదు మామ్మా.”

“అయ్యో. ఇప్పుడెలాగుంది మరి?”

“పర్లేదు, లేచి కూర్చుంటోంది.”

“జావ కాసి పొయ్యండి, ఓపికొస్తాది.” వంకాయలు ఏరి తూచింది. పుచ్చు ఉన్నవి రెండు తీసేసి మంచివి వేసింది. సంచిలో ఒంపాక ఆమె చెయ్యి అలవాటుగా కట్టవైపు వెళ్లి ఆగింది. “ఈయాల కొసరు లేదు బాబూ, వానలకి కరేపాకు మండిపోతంది.”

కట్ట పది రూపాయలన్నది. ఇచ్చి కొనుక్కున్నాను. అమ్మకి మామ్మ చెప్పిన జావ సంగతి చెప్పాలని దుర్గాలమ్మ గుడి ముందునుంచి గబగబా ఇంటికి నడిచాను.